సురభి నాటక సమాజం: పుట్టుక, తొలినాళ్ళు

రేడియో నాటకం వినేవారికి నటుడు కనిపించడు. గొంతు ఒక్కటే వినిపిస్తుంది. వేషమూ, వయస్సూ, కోపమూ, కన్నీరూ అన్నీ ఆ గొంతులోనే ఇమిడి ఉండాలి. ఈ విద్య ఆకాశవాణితో పుట్టినది కాదు. అంతకు ఎన్నో తరాల ముందే మన రాయలసీమ పల్లెలలో తెర వెనుక నిలిచి, తాము కనబడకుండా, గొంతుతోనే రాముణ్ణీ రావణుణ్ణీ బ్రతికించిన కళాకారులు ఉన్నారు. వారు తోలుబొమ్మలాటవారు. అటువంటి కుటుంబమొకటి 1885లో కడప జిల్లాలోని ఒక చిన్న పల్లెలో బొమ్మలను ప్రక్కన పెట్టి, తానే వేషాలు కట్టి జనం ముందుకు వచ్చినది. నాడు మొదలైన ఆ ప్రయత్నమే సురభి నాటక సమాజంగా ప్రసిద్ధి పొందినది.

తెలుగునాట నాటక సమాజాలు ఎన్నో పుట్టినవి. అందులో చాలభాగం స్థాపించినవారి ఉత్సాహం ఉన్నంత కాలం నిలిచి, వారితోనే అంతరించినవి. సురభి మాత్రం సుమారు 140 ఏండ్లుగా తరం వెంట తరం సాగివచ్చినది. దీనికి కారణమేమిటి? రాజపోషణమా? ధనబలమా? గొప్ప కవుల రచనలా? ఇవేవీ కావు. సురభి ఒక సమాజంగా పుట్టలేదు, ఒక సంసారంగా పుట్టినది. దాని బలమంతా అక్కడనే ఉన్నది. దాని కష్టాలకు మూలం కూడా అక్కడనే ఉన్నది. ఆ సంగతి తెలియాలంటే ముందు తోలుబొమ్మల తెర వెనుకకు వెళ్ళి చూడాలి.

తోలుబొమ్మలాట సామాన్యమైన విద్య కాదు. మేకతోలును శుభ్రపరచి, వెలుతురు దూరేటంత పలుచన చేసి, దానిపై రూపురేఖలు దిద్ది, నగలూ చీర అంచులూ మెరిసే విధంగా సన్నని రంధ్రాలు పొడిచి, రెండువైపులా రంగులు వేస్తారు. భుజాలు, మోచేతులు, మోకాళ్ళ వద్ద కీళ్ళు కట్టి, నడుమ బద్దను పెట్టి ఆడిస్తారు. ఆంధ్రదేశపు తోలుబొమ్మలు మనిషి ఎత్తుకు దగ్గరగా కూడా ఉంటవి. భారతదేశంలో ఇంత పెద్ద తోలుబొమ్మలు అరుదు. తెల్లని బట్ట తెరగా కట్టి, వెనుక ఆముదపు దీపాలు వెలిగించి, రాత్రి తెల్లవార్లూ ఆట ఆడేవారు. రామాయణమైతే గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణపు ద్విపదలు ఆధారం. నడుమ నడుమ కేతిగాడు, బంగారక్క వచ్చి నవ్వించి పోతారు. యుద్ధం వచ్చినప్పుడు కాలి క్రింది చెక్కపలకలను టపటప త్రొక్కితే ఆ చప్పుడే గుఱ్ఱపు డెక్కల ధ్వని, ఆ చప్పుడే గదాఘాతం.

ఈ ఆటలో ఒక విశేషమున్నది. తెర వెనుక ఉండేది ఒక బృందం కాదు, ఒక కుటుంబం. తండ్రి రాముడి బొమ్మను ఆడిస్తూ పద్యం ఎత్తుకుంటే, తల్లి సీత బొమ్మను పట్టి సీత మాటలు పలుకుతుంది. కొడుకు మద్దెల వాయిస్తాడు. కోడలు తాళం వేస్తూ వంత పాడుతుంది. పిల్లలు నూనె పోస్తూ, బొమ్మలు అందిస్తూ, నిద్రమత్తులోనే కథలన్నీ వంటపట్టించుకుంటారు. ఆడ పాత్రలకు ఆడవారే గొంతు ఇవ్వటం ఈ విద్యలో సహజమైన సంగతి. ఈ విషయాన్ని శ్రోతలు జ్ఞాపకం ఉంచుకోవాలి. సురభి చరిత్రలో దీని ఫలితం చాల గొప్పది.

ఈ తోలుబొమ్మలవారు మహారాష్ట్ర ప్రాంతం నుండి దక్షిణానికి తరలివచ్చినవారు. మన ప్రాంతంలో వారిని ఆరె మరాఠీలంటారు. ఇంట్లో మాట్లాడేది మరాఠీ మాండలికం, ఆటలో పలికేది తేట తెలుగు. ఊరూరా తిరిగి, ఊరివారు ఇచ్చే ధాన్యమూ, బట్టలూ, నాలుగు డబ్బులతో కాలం గడుపుకునేవారు. పండితే ఊరికి పండుగ, ఊరికి పండుగైతే ఆటవారికి పని. కాని రాయలసీమలో పంట పండటం మనిషి చేతిలో లేదు. 1876 నుండి 1878 వరకు వచ్చిన మహాక్షామం, పెద్దలు ధాత కరువని చెప్పుకున్న ఆ కాటకం, కడప, కర్నూలు, బళ్ళారి ప్రాంతాలను నిలువునా ఊడ్చివేసినది. తినటానికి గింజలేని ఊరిలో బొమ్మలాట ఎవరు పెట్టించుకుంటారు? ఆ కరువు తగ్గిన ఏడేండ్లకు సురభి పుట్టినదన్న సంగతి మరువరాదు. పల్లె చేయిచాచి ఇచ్చేదానిపై బ్రతికే కుటుంబానికి క్రొత్త దారి ఒకటి వెదకుకోవలసిన అవసరం ఎంతటిదో మనం ఊహించవచ్చును.

అదే కాలంలో దేశంలో క్రొత్త గాలి వీస్తున్నది. 1843లో సాంగ్లీ సంస్థానంలో విష్ణుదాస్ భావే సీతాస్వయంవరం ప్రదర్శించినప్పటి నుండి మరాఠీ నాటకం పెరుగుతూ వచ్చినది. 1880లో పూనాలో అణ్ణాసాహెబ్ కిర్లోస్కర్ సంగీత శాకుంతలం ఆడించినాడు. బొంబాయి పారసీ కంపెనీలు మెరిసే తెరలతో, తళుకు దుస్తులతో ఊళ్ళు తిరుగుతున్నవి. ధార్వాడ నాటక కంపెనీ తెలుగుదేశానికి వచ్చి ఆడిన నాటకాలు మనవారిలో ఉత్సాహాన్ని రేపినవి. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ విద్యార్థులచేత వ్యవహార ధర్మబోధినిని ప్రదర్శింపజేసినారు. కడపకు పొరుగుననే ఉన్న బళ్ళారిలో న్యాయవాది ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు 1886లో సరస వినోదినీ సభను స్థాపించినారు. ఆయనకు ఆంధ్ర నాటక పితామహుడన్న బిరుదు వచ్చినది.

ఇక్కడ ఒక ముచ్చట గమనింపదగినది. ఒక్క ఏడాది తేడాతో రాయలసీమ గడ్డపై రెండు నాటక సంస్థలు పుట్టినవి. బళ్ళారిలోనిది చదువుకున్న పెద్దల సభ. పగలు కోర్టులకూ కచేరీలకూ పోయి, సాయంకాలం నాటకాలు అభ్యసించేవారు అందులో ఉండేవారు. వారికి నాటకం ఒక అభిరుచి. కడప జిల్లాలో పుట్టినది బొమ్మలాటవారి కూటమి. వారికి నాటకం జీవనోపాధి. ఒకటి గ్రంథం నుండి రంగస్థలానికి వచ్చినది, మరొకటి ఆట నుండి వచ్చినది. ఈ రెండు పాయలు తరువాత ఎక్కడ కలిసినవో ముందు చెబుతాను.

కడప జిల్లా చక్రాయపేట ప్రాంతంలో సురభి అనే గ్రామమున్నది. దాని పాత పేరు సొరుగు అని చెబుతారు. అక్కడకు చేరిన తోలుబొమ్మల కుటుంబాలలో వనారసవారు ఒకరు. ఊరి రెడ్ల ఇంట పెళ్ళి జరిగినదనీ, ఆ సందర్భంలో, ‘ఎప్పుడూ బొమ్మలచేతనే ఆడిస్తున్నారు గదా, ఈసారి మీరే వేషాలు వేసి ఎందుకు ఆడరాదు?’ అని పెద్దలు అడిగినారనీ సురభివారు తరతరాలుగా చెప్పుకుంటారు. అడిగినదే తడవుగా వారు కీచకవధ నాటకాన్ని ఆడినారు. అది 1885వ సంవత్సరం. వనారస గోవిందరావుగారు ఈ సమాజానికి వ్యవస్థాపకులుగా చరిత్రకెక్కినారు.

మొదటి ఆటగా కీచకవధనే ఎందుకు ఎన్నుకున్నారు? అది విరాటపర్వంలోని కథ. విరాటపర్వం చదివితే, ఆడితే, వానలు కురుస్తవని మన పల్లెలలో గట్టి నమ్మకం. వానమొగం చూడని ఏడు రాయలసీమ ఊళ్ళు తోలుబొమ్మలవారిని పిలిపించి విరాటపర్వం ఆడించుకోవటం ఆచారం. కనుక ఆ కథ వారికి కంఠస్థం. ఏ మాటకు ఏ బొమ్మ ఎటు తిరగాలో వారి చేతులకు తెలుసు. పైగా ఆ కథలో పాండవులందరూ మారువేషాలలో ఉంటారు. భీముడు వలలుడై వంటశాలలో ఉంటాడు, ద్రౌపది సైరంధ్రియై అంతఃపురంలో ఉంటుంది. వేషం వేయటమన్నది తొలిసారిగా నేర్చుకునేవారికి అందరూ వేషాలలోనే ఉన్న కథ దొరకటం ఒక చక్కని పొందిక.

అయినా ఆ మార్పు తేలికైనది కాదు. తెర వెనుక ఉన్నప్పుడు కళ అంతా గొంతులోనూ వ్రేళ్ళలోనూ ఉన్నది. ముఖం ఎట్లా ఉన్నా చింత లేదు. భీముడి మాట చెప్పేవాడు బక్కపలుచనివాడైనా, తెరపై కనబడే బొమ్మ భీముడే. తెర తొలగిపోయిన తరువాత ఆ ఆసరా పోయినది. ఇప్పుడు భీముడు భీమునివలె నిలబడాలి, కన్ను కదలాలి, పెదవి అదరాలి. రెండు చేతులతో రెండు బొమ్మలను ఆడించినవాడు తన రెండు చేతులను ఏమి చేయాలో క్రొత్తగా నేర్చుకోవాలి. కాని వారి దగ్గర మరొకరికి లేని మూలధనం ఉన్నది. రాత్రంతా అలుపులేక పాడగల గొంతు, కథమీద పట్టు, జనం ఎప్పుడు నవ్వుతారో ఎప్పుడు ఏడుస్తారో తెలిసిన అనుభవం వారి సొత్తు.

అన్నిటికన్న మిన్నగా వారి దగ్గర ఆడవారున్నారు. ఆనాటి తెలుగు నాటకరంగంలో స్త్రీ పాత్రలను మగవారే ధరించేవారు. గౌరవమైన ఇంటి స్త్రీ రంగస్థలం ఎక్కటం ఎవరూ ఊహించని సంగతి. సురభివారికి మాత్రం ఇది క్రొత్త సాహసంగా కాక పాత అలవాటుకు కొనసాగింపుగా వచ్చినది. సీత మాటలను తెర వెనుక తల్లి పలికేది గదా, తెర పోయిన తరువాత ఆ తల్లియే సీతగా ముందుకు వచ్చినది. భర్త రాముడు, భార్య సీత. అత్తగారు కౌసల్య, మరది లక్ష్మణుడు. ఇంటివారి నడుమ ఇంటి ఆడది ఆడుతున్నప్పుడు వేలెత్తి చూపటానికి లోకానికి కూడా సందు దొరకలేదు.

ఇది ఎంత పెద్ద మార్పో తెలియాలంటే తక్కిన ప్రపంచాన్ని కూడా చూడాలి. ఇంగ్లాండులో షేక్స్పియరు నాటకాల నాయికలను ఆయన కాలంలో బాలురే ధరించినారు. అక్కడ వృత్తినాటకంలో స్త్రీలు రంగస్థలం ఎక్కినది 1660 తరువాతనే. మరాఠీ రంగంలో బాలగంధర్వ, మన తెలుగు రంగంలో స్థానం నరసింహారావుగారు స్త్రీ పాత్రలతోనే అఖండకీర్తి గడించినారు. స్థానంవారి సత్యభామను చూడటానికి జనం విరగబడేవారు, 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. ఆ మహానటుల ప్రతిభకు ఎవరైనా చేతులు జోడించవలసినదే. అయినా, స్థానంవారు 1902లో జన్మించక మునుపే సురభి వేదికపై స్త్రీల పాత్రలు స్త్రీలకు చెందినవి. సంస్కర్తల సభలలో చర్చకు వచ్చిన ప్రశ్నకు ఒక పేద బొమ్మలాట కుటుంబం చర్చ లేకుండానే సమాధానం చెప్పినది.

సమాజం నడక కూడా సంసారపు నడకయే. ఒక ఊరు చేరితే డేరా వేసి నెలల తరబడి మకాం. ఆ డేరాయే నాటకశాల, దాని వెనుకనే నివాసం. పగలు పొయ్యి రాజేసిన చేయి రాత్రి కిరీటం పెట్టుకుంటుంది. ఒకే పొయ్యి మీద వంట, ఒకే పెట్టెలో వసూలు. పిల్లవాడు నడక నేర్చిన కొన్నాళ్ళకే బాలకృష్ణుడై వెన్నముద్దతో వేదిక మీదికి వస్తాడు. కొంచెం ఎదిగి లవుడో కుశుడో అవుతాడు. గొంతు మారిన తరువాత చిన్న వేషాలు, మీసం వచ్చిన తరువాత నాయకుడు, వయస్సు మళ్ళినాక దశరథుడు. వేషం వేయనినాడు తెర లాగటం, దీపం చూడటం, హార్మోనియం వాయించటం. అందరికీ అన్ని పాత్రలూ తెలుసు. ఒకరికి జ్వరం వస్తే ఆట ఆగదు, మరొకరు ఆ కిరీటం అందుకుంటారు. ఊరిలో ఉన్నన్నాళ్ళూ నాటకం మార్చి నాటకం ఆడగలిగిన శక్తి ఈ ఇంటి చదువు వలననే వచ్చినది.

రంగాలంకరణలో కూడా తోలుబొమ్మల వారసత్వం స్పష్టంగా కనబడుతుంది. బొమ్మకు బరువు లేదు. తెరపై హనుమంతుడు చటుక్కున ఎగిరిపోతాడు, రాక్షసుడు మాయమవుతాడు. ఆ అద్భుతాలకు అలవాటుపడిన కళ్ళు మనిషి ఆడే నాటకంలో కూడా వానినే కోరుతవి. అందుచేత సురభివారు తీగలు కట్టి నారదుణ్ణి ఆకాశమార్గాన దించినారు. మాయాబజారులో ఘటోత్కచుని మాయలను కళ్ళకు కట్టించినారు. రెండువైపుల నుండి వచ్చిన బాణాలు నడుమ ఢీకొని నిప్పులు రాలేటట్లు చేసినారు. చిత్రించిన తెరలు ఒకదాని వెంట ఒకటి పైకి లేస్తుంటే రాజసభ అడవి అవుతుంది, అడవి సముద్రమవుతుంది. ఈ యంత్రాంగమంతా ఇంటివారి చేతిపనియే. సినిమా రాక ముందు పల్లెవానికి కనులపండుగ ఇదే.

ఇల్లు పెరిగినకొద్దీ సమాజమూ పెరిగినది. కొడుకులకు పెండ్లిండ్లయినవి, కోడళ్ళు వచ్చినారు, కూతుళ్ళు అల్లుళ్ళను తెచ్చినారు. ఒకే డేరాలో అందరికీ వేషాలూ చాలవు, అన్నమూ చాలదు. అందుచేత ఒక్కొక్క శాఖ వేరుపడి తన సమాజాన్ని కట్టుకున్నది. సాధారణంగా నాటక సంస్థ చీలితే బలహీనపడుతుంది. ఇది మాత్రం మఱ్ఱిచెట్టు ఊడలు దిగినట్లు విస్తరించినది. తెలుగునాట నలుమూలలా సురభి పేరు ముందు పెట్టుకొని అనేక సమాజాలు నడిచినవి. 1937లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి అటువంటి శాఖలలో ఒకటి. ఎవరి డేరా వారిదైనా పెండ్లి సంబంధాలు మాత్రం తమలో తాము కలుపుకునేవారు. వచ్చే కోడలికి కూడా పద్యం వచ్చి ఉండాలి గదా.

ఈ ఇంటి బిడ్డ సురభి కమలాబాయి. ఆమె తల్లి దమయంతి వేషంలో ఉండగా వేదికపైననే నొప్పులు వచ్చినవనీ, తెర దించి పురుడు పోసినారనీ సురభివారు చెబుతారు. ఆ కమలాబాయియే తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతిగా నటించినది. హెచ్.ఎం. రెడ్డిగారు బొంబాయిలో తీసిన ఆ చిత్రం 1932లో విడుదలైనది. దానికి ఆధారమైన నాటకం బళ్ళారి ధర్మవరం రామకృష్ణమాచార్యులవారిది. మునుపు చెప్పిన రెండు పాయలు ఇక్కడ కలిసినవి. ఆచార్యులవారు 1912లోనే స్వర్గస్థులైనందున ఈ కలయికను చూడలేదు. తెలుగు సినిమా తొలిసారి నోరు విప్పినప్పుడు అందులో బళ్ళారి వారి రచన ఉన్నది, సురభి వారి ఆడపడుచు గొంతు ఉన్నది.

కాని ఆ సినిమాయే తరువాత డేరాలకు గండమై వచ్చినది. తీగల మీద నారదుడు దిగే అద్భుతాన్ని వెండితెర అంతకన్న చవకగా, అంతకన్న ఘనంగా చూపగలిగినది. ఒక్కొక్క సమాజమే మూతపడినది. పెట్టుబడి పోయిన వర్తకుడు మరొక వర్తకం చూసుకుంటాడు. ఇల్లే నాటకమైనవాడు ఎక్కడికి పోతాడు? తరచుగా ఊళ్ళు మారే బ్రతుకులో పిల్లలకు బడి చదువు నిలకడగా సాగలేదు, చేతిలో మరొక వృత్తి లేదు. సంసారంగా పుట్టినందుకు చెల్లించిన మూల్యం ఇది. అయినా సంసారం గనుకనే పూర్తిగా చెదరిపోలేదు. వసూలు లేని రాత్రి సంస్థలో జీతగాడు వెళ్ళిపోతాడు, తమ్ముడు వెళ్ళడు. మిగిలిన కొద్ది సమాజాలు పట్టుదలతో నిలిచినవి. 1990ల దశకంలో ప్రసిద్ధ దర్శకుడు బి.వి. కారంత్ సురభివారితో కలిసి భీష్మ, చండీప్రియ వంటి నాటకాలను ప్రదర్శింపజేసి, వారి విద్యకు క్రొత్త ప్రేక్షకులను సంపాదించినారు. సురభి బాబ్జీగా పేరొందిన రేకందార్ నాగేశ్వరరావుగారికి 2013లో పద్మశ్రీ లభించినది. 2022లో ఆయన కీర్తిశేషులైనారు.

సురభి అంటే కామధేనువు. పరిమళమని కూడా అర్థమున్నది. కాని ఈ పేరులో అర్థాలకన్న ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. తెలుగువారి ఇంటిపేర్లలో అనేకం ఊళ్ళపేర్లే. తాతలు ఎక్కడ నివసించినారో ఆ ఊరే మనుమల ఇంటిపేరవుతుంది. వనారసవారు, రేకందార్‌వారు మరాఠీ ఇంటిపేర్లతో ఈ నేలకు వచ్చినారు. ఊరికొక రాత్రి చొప్పున తిరిగినవారు, తమదని చెప్పుకోవటానికి ఒక ఊరు లేనివారు. వారిని కడప జిల్లా పల్లె ఒకటి పిలిచి, బొమ్మలను దించి మీరే ఆడండి అన్నది. ఆడినారు. నాటి నుండి ఆ పల్లె పేరే వారి పేరైనది. కమలాబాయి సురభి కమలాబాయి అయినది, బాబ్జీ సురభి బాబ్జీ అయినాడు. డేరా ఏ ఊరిలో వేసినా, ఆ వేదిక ముందు వ్రేలాడే పలకపై వానకు మొగంవాచిన ఒక కడప పల్లె పేరు ఉంటుంది. ఒక్క రాత్రి ఆట చూసి ఆ ఊరు వారికి ఇచ్చిన సంభావన అది.